మూన తిరిగే దాకా

“తిరుపతి వెళ్లొచ్చారా సార్? లడ్డూ ఏదీ?”

పన్నెండు రోజుల సెలవు ముగించుకుని 2023 జూలై 27న క్లాసులో అడుగుపెట్టగానే ముందు బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. బుర్ర మీద నూగులాంటి జుట్టు, నుదుటి పైన ఇంకా తగ్గని ఎరుపు. “వెళ్లొచ్చానమ్మా. లడ్డూలు ఇంట్లో ఉన్నాయి, సోమవారం తెస్తా” అనేశాను. మన దగ్గర గుండుకున్న సుఖమే అది. కారణం మనం వెతుక్కోనక్కర్లేదు, ఎదుటివాళ్లే చేతికందిస్తారు. ఆ ఆదివారం హిమాయత్‌నగర్‌లో టీటీడీ వాళ్ల దగ్గర లడ్డూలు కొని, చిదిపి పొట్లాలు కట్టి, క్లాసు మొత్తానికి పంచాను. ఒక పిల్ల కళ్లకద్దుకుని మరీ తింది. అది మాత్రం గుచ్చుకుంది.

నేను కొండకి వెళ్లలేదు. జూలై 15, శనివారం, హైదరాబాదులో ఒక క్లినిక్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా బల్ల మీద పడుకుని 2,412 వెంట్రుక కుదుళ్లు వెనక నుంచి తీయించి ముందూ, సుడి దగ్గరా నాటించుకున్నాను.

అమీర్‌పేటలో కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్స్ పరీక్షలకి రీజనింగ్ చెబుతాను. అప్పటికి నా వయసు 34. ఇరవై ఎనిమిదో ఏటే నుదురు పెరగడం మొదలైంది కానీ పెద్దగా పట్టించుకోలేదు. మా తాతకీ, మేనమామకీ ఉన్నదే, నాకెందుకు తప్పుతుంది అనుకున్నా. కరోనా తర్వాత మా సెంటర్లో క్లాసులు రికార్డు చేసి యాప్‌లో పెట్టడం మొదలెట్టారు. కెమెరా వెనక గోడకి, బాగా ఎత్తులో బిగించారు. ఒకరోజు ఏదో లెక్క తప్పు చెప్పానేమో చూద్దామని వీడియో తెరిస్తే, బోర్డు మీద రాస్తున్న మనిషి సుడి చుట్టూ అరచేతి వెడల్పున చర్మం మెరుస్తోంది. ఎవరబ్బా ఈయన అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఒక్క క్షణం. మన తల వెనక భాగం మనకి తప్ప ఊరందరికీ తెలుసు.

క్లినిక్‌లు నాలుగు తిరిగాను. రెండు చోట్ల డాక్టర్ని చూడక ముందే కౌన్సెలర్ అనే అమ్మాయి డిస్కౌంటు చెప్పింది. ఒకచోట “నెలాఖరు ఆఫర్ సార్, ఇవాళ అడ్వాన్స్ కడితే” అన్నారు. వంకాయలు బేరమాడినట్టుంది. నేను వేసిన ప్రశ్న ఒక్కటే, కత్తి పట్టేది ఎవరు? 2022లో జాతీయ వైద్య కమిషన్ ఈ పనిని తగిన శిక్షణ పొందిన డాక్టర్లే చేయాలని మార్గదర్శకాలు ఇచ్చిందని ఎక్కడో చదివి ఉన్నాను. నాలుగో చోట చర్మవ్యాధుల డాక్టరు గారు, యాభై దాటిన ఆవిడ, సూటిగా చెప్పారు. “మత్తు నేనిస్తా, తీయడం నేను చేస్తా, గాట్లు నేను పెడతా. గాట్లలో నాటడం నా టెక్నీషియన్లు చేస్తారు, నేను గదిలోనే ఉంటా.” అదే గదిలో ఇంకో మాట కూడా అన్నారు. “మొదటి నాలుగు నెలలు నన్ను తిట్టుకుంటారు. అందరూ తిట్టుకుంటారు.” నవ్వాను అప్పుడు.

ముహూర్తం మాత్రం నేనే పెట్టుకున్నా. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢం ఆఖరులో చేయించుకుంటే జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక మాసం, పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, ఎవరి ముందూ నిలబడక్కర్లేదు. అమ్మ మాత్రం ఫోన్లో గొణిగింది. “మంచి పని శూన్యమాసంలో ఎవరైనా మొదలెడతారట్రా?”

నాన్నది వేరే గోల. తణుకు దగ్గర మాకు మూడెకరాల మాగాణి. సరిగ్గా ఆ వారమే ఊడ్పులు. గట్టు మీద నుంచే ఫోన్ చేశాడు.

“ఏం చేస్తార్రా అసలు?”

“వెనకాల ఒత్తుగా ఉన్నచోట నుంచి తీసి ముందు పెడతారు నాన్నా.”

“ఓహో. ఆకుమడి వెనకుందన్నమాట. ఒక్కోటీ చేత్తోనేనా?”

“ఒక్కోటీ.”

“కూలెంత?”

“కుదురుకి నలభై అయిదు. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ.”

కాసేపు లెక్కేసుకున్నట్టున్నాడు. “ఆ డబ్బుతో ఇరవై ఎకరాలు ఊడ్పించేస్తాను గదరా” అన్నాడు. తర్వాత ఆయనకి ఆసక్తి పెరిగింది. “మావాళ్లు సార్వాలో చదరపు మీటరుకి 33 కుదుళ్లు పడాలంటారు. మీ డాక్టరమ్మ ఎన్ని వేస్తుంది?” చదరపు సెంటీమీటరుకి 35 అన్నాను. “మరీ చిక్కన. పిలకలెక్కడేస్తాయి?” అక్కడే తేడా ఉంది. వెంట్రుక పిలక వేయదు. ఒక కుదురులో ఒకటి నుంచి నాలుగు దాకా వెంట్రుకలుంటాయి, ఎన్ని తీస్తే అన్నే. తలలో కొత్త జుట్టు ఏమీ పుట్టదు, ఉన్నదే చోటు మారుతుంది. ఆకుమడిలో తీసిన చోట మళ్లీ మొలవదు కూడా. అందుకే వెనక భాగాన్ని డాక్టర్లు పొదుపుగా వాడతారు.

వెనక జుట్టుకి ఉన్న మొండితనమే ఈ విద్యకి ఆధారం. డీహెచ్‌టీ అనే హార్మోను ముందు, సుడి దగ్గర ఉన్న కుదుళ్లని ఏడాదికేడాది సన్నబరిచి చివరికి నూగు చేసేస్తుంది. చెవుల మధ్య, వెనక పట్టీలో ఉన్నవాటికి దాని దెబ్బ తగలదు. అక్కడి కుదురుని తెచ్చి ముందు పెట్టినా దాని గుణం దానిదేనని న్యూయార్క్ చర్మ వైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించాడు. దానికి ఇరవై ఏళ్ల ముందే జపాన్‌లో ఒకుడా అనే వైద్యుడు కాలిన గాయాల మీద చిన్న ముక్కలు నాటి జుట్టు మొలిపించాడు. విత్తనం ఏ ఊరిదైతే పంట ఆ ఊరిదే అని నాన్నకి చెబితే “ఇందులో కనిపెట్టడానికేముంది” అన్నాడు.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా చెప్పను. మత్తు సూదులే నొప్పి, ముప్పయ్యో నలభయ్యో పడ్డాయి, నుదుటి మీద వేసినవి కళ్లల్లో నీళ్లు తెప్పించాయి. ఆ తర్వాత నొప్పి లేదు, చప్పుడు ఉంది. మిల్లీమీటరు కన్నా సన్నటి గొట్టం చర్మంలో దిగేటప్పుడు లోపల్నించి వినిపించే కరకర. మూడు గంటలు బోర్లా. పక్క బల్ల దగ్గర ఇద్దరమ్మాయిలు భూతద్దాల కింద కుదుళ్లని విడదీస్తూ, గాజు పళ్లేల్లో ఉప్పునీటిలో పెడుతూ “యాభై, నూరు, నూటయాభై” అని లెక్క పెడుతుంటే, ధాన్యం కొలిచేటప్పుడు మా ఊళ్లో “లాభం, రెండు, మూడు” అని మొదలుపెట్టడం గుర్తొచ్చింది. మధ్యాహ్నం పెరుగన్నం పెట్టారు. తర్వాత వెల్లకిలా ఇంకో నాలుగు గంటలు.

మొదటి పది రోజులూ పసిబిడ్డని సాకినట్టే. నాలుగు దిండ్లు పేర్చుకుని సగం కూర్చున్నట్టు నిద్ర. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి సెలైన్ నీళ్లు చిమ్ముకోవడం. వంగకూడదు, గోకకూడదు, హెల్మెట్ పెట్టకూడదు. హెల్మెట్ లేకుండా బండి తీస్తే చలానా, పెడితే నాటినది లేచిపోతుందని భయం. అందుకే మూడు వారాలు కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకి మెట్రోలోనే తిరిగాను. మూడో రోజు నుదుట్లో వాపు దిగింది, నాలుగో రోజుకి కళ్ల మీదికి వచ్చింది. మా నాలుగేళ్ల పాప తలుపు దగ్గరే ఆగిపోయి “అమ్మా, నాన్న ముఖం మారిపోయింది” అంది. మా ఆవిడ ఏడవలేక నవ్వింది. పెళ్లినాడు లేని సోకు ఇప్పుడెందుకండీ అని ముందే అడిగింది, అప్పుడు వినలేదు కదా.

పదో రోజుకి పక్కులన్నీ రాలాయి. కింద, నిజంగానే, వరుసలు తీరి వెంట్రుకలు. మూడు మిల్లీమీటర్లవి, గట్టిగా, నల్లగా నిలబడి ఉన్నాయి. పదిహేనేళ్ల క్రితం నా నుదురు ఎక్కడుండేదో అక్కడే ఉంది. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఇదేదో తేలిగ్గానే అయిపోయిందే అనుకున్నాను. ఆ ఉత్సాహంతోనే ఆ లడ్డూల అబద్ధం అంత ధైర్యంగా ఆడగలిగాను.

ఆగస్టు మొదటి వారంలో తలస్నానం చేసి తువ్వాలు చూస్తే నల్ల మిరియప్పొడి చల్లినట్టుంది. మర్నాడు దిండు మీద. ఆ మర్నాడు అరచేతిలో. నాటినవే, మూడు మిల్లీమీటర్లవే, ఒక్కో దాని మొదట్లో చిన్న తెల్లటి ముద్దతో సహా ఊడుతున్నాయి. ఇలా రాలతాయని డాక్టరు ముందే చెప్పారు, కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. తెలియడం వేరు, లక్షా ఇరవై ఎనిమిది వేలు తువ్వాలు మీద చూడటం వేరు. రాలినవన్నీ తెల్ల కాగితంలో పొట్లం కట్టి క్లినిక్‌కి పరిగెత్తాను. డాక్టరు గారు పొట్లం విప్పి, భూతద్దం కింద ఒకటి పెట్టి నన్ను చూడమన్నారు. “ఇది వెంట్రుక. కుదురు కాదు. చోటు మారిన దెబ్బకి అది పెరగడం మానేసి పడుకుంది, పాత వెంట్రుకని వదిలేసింది. మూడు నెలలు పడుకుంటుంది. ఏమీ చేయకండి.”

ఈ ‘ఏమీ చేయకండి’ ఉంది చూశారా, వైద్యంలో దీనికన్నా కఠినమైన పథ్యం లేదు.

పైగా రాలింది నాటినవే అయితే ఊరుకుందును. వాటి పక్కనున్న నా సొంత పాత జుట్టు కూడా ఆ అదురుకి పలచబడింది. వెనక తీసిన చోట కూడా చిమ్మెట కొట్టిన ఉన్నిలా అక్కడక్కడా ఖాళీలు. అంటే ఆరో వారానికి, డబ్బు పెట్టక ముందున్న దానికన్నా ఎక్కువ బట్టతల. ఈ సంగతి ప్రకటనల్లో పెట్టే రెండు ఫొటోల మధ్య ఎక్కడా కనపడదు. ఆ రెండు ఫొటోల్లో మొదటిది తడి జుట్టు మీద నడినెత్తిన లైటు వేసి తీసింది, రెండోది ఆరబెట్టి దువ్వి పక్క నుంచి తీసింది అని కనిపెట్టే విద్య కూడా నాకు ఆ రోజుల్లోనే అబ్బింది.

అధిక మాసం అయిపోయింది, నిజ శ్రావణంలో బావమరిది పెళ్లి తప్పలేదు. ఆగస్టు ఆఖరు. సరిగ్గా అధ్వానంగా ఉన్న సమయంలో. ఆల్బంలో ఇప్పటికీ ఉంది, తలంబ్రాల ఫొటోలో వెనక నిలబడి కెమెరా ఫ్లాష్ అంతా నా నెత్తి మీదే పట్టుకున్నాను. అమ్మ నన్ను పెళ్లి విడిది పక్కకి లాక్కెళ్లి, తల వంచమని చూసి, కళ్లు తుడుచుకుంది. ఓదార్చే ప్రయత్నంలో నేను నోరు జారి లడ్డూల సంగతి కూడా చెప్పేశాను, నవ్వుతుందని.

నవ్వలేదు. “స్వామి పేరు చెప్పి అబద్ధమాడావా? కొండకెళ్లకుండా ప్రసాదం పంచావా?” గుండె మీద చెయ్యేసుకుంది. ఒక నిమిషం తర్వాత తేరుకుని తీర్పు చెప్పేసింది. “ఆ జుట్టేదో రానీ. ఏడాది తిరగ్గానే కొండకెళ్లి ఇచ్చేద్దాం. మొక్కుకుంటున్నా, ఇదిగో.”

“వచ్చిన జుట్టు ఇచ్చెయ్యడానికా అమ్మా అంత డబ్బు పోసింది?”

“ఇస్తేనే మళ్లీ ఒత్తుగా వచ్చేది.”

“పోనీ మూడు కత్తెరలు ఇస్తా.”

“అది ఆడవాళ్లకి.”

బేరం అక్కడితో అయిపోయింది. అమ్మ దగ్గర దీనికో ప్రమాణం కూడా ఉంది. పుట్టలో ఉన్న స్వామికి పశువుల కాపరి గొడ్డలి దెబ్బ తగిలి తల మీద ఆ మేర జుట్టు పోతే, నీలాదేవి తన కురుల్లోంచి పాయ కోసి అక్కడ అతికించిందట. భక్తులిచ్చే జుట్టంతా ఆవిడకే చెందుతుందని స్వామి వరమిచ్చాడట. తలనీలాలన్న మాట ఆవిడ పేరు మీదే వచ్చిందని, ఏడు కొండల్లో నీలాద్రి ఆవిడదేనని అమ్మ చెబుతుంది. “స్వామికే అతికించాల్సొచ్చింది, నువ్వెంత” అంది. అక్కడ దాత వేరు, పుచ్చుకున్నవారు వేరు, మామూలు మనుషుల్లో అది కుదరదు, పరాయి కుదురుని ఒళ్లు తిప్పికొడుతుంది అని డాక్టరమ్మ చెప్పిన పాఠం అప్పజెప్పబోయి మానేశాను.

సెప్టెంబరు, అక్టోబరు. ఈ రెండు నెలల గురించి ఏం రాయాలి? ఏమీ జరగలేదు, రోజూ జరగలేదు. అట్టముక్కలో సెంటీమీటరు చదరం కోసి, కుడి కణత పైన పుట్టుమచ్చ ఆనవాలుగా పెట్టి, ప్రతి నెలా 15వ తేదీ బాత్రూం లైటు కింద ఫోన్‌తో ఫొటో తీసి అందులో వెంట్రుకలు లెక్కపెట్టేవాణ్ని. నాటింది 35 కుదుళ్లు. సెప్టెంబరులో సున్నా. అక్టోబరులో సున్నా. క్లాసులో నంబర్ సిరీస్ చెబుతూ “సున్నా, సున్నా, తర్వాతి సంఖ్య?” అని నాకు నేనే అడుగుకునే స్థితికి వచ్చాను. నెలకోసారి చూడమంటే నేను రోజుకి ఆరుసార్లు చూశాను. లిఫ్టు అద్దం, ఆగి ఉన్న కారు కిటికీ, స్టీలు చెంబు. మెట్రోలో కూర్చున్నవాళ్ల నెత్తులు నిలబడి చూడటం అలవాటైంది. ఎవరిది నాటిందో, ఎవరిది సొంతమో, ఎవరిది నా దారిలో ఉందో పట్టేయగలను.

అక్టోబరు మధ్యలో నాటిన చోట చీముగడ్డల్లాంటి మొటిమలు లేచాయి. ఇన్ఫెక్షన్ అనుకుని హడలిపోయాను. లోపల పడుకున్నది లేచి దారి చేసుకునేటప్పుడు కొన్ని చర్మం కిందే అడ్డం తిరుగుతాయని, వేడినీళ్లలో ముంచిన గుడ్డ పెట్టమని, గిల్లొద్దని డాక్టరు చెప్పారు. ఎక్కువైతే రమ్మన్నారు. వారంలో తగ్గాయి. క్లినిక్ కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే మాత్రం “ట్రస్ట్ ది ప్రాసెస్ సార్” అంది. అడ్వాన్సు కట్టించుకునేటప్పుడు మూడు నెలల్లో రిజల్టన్న గొంతే అది. ఇప్పుడు పన్నెండు నెలలంటోంది.

మందుల మాట. మినాక్సిడిల్ ద్రావణం ఉదయం సాయంత్రం, ఫినాస్టరైడ్ ఒక మిల్లీగ్రాము మాత్ర రాత్రి. మొదటిది అసలు రక్తపోటు మందు. వేసుకున్నవాళ్లకి ఎక్కడపడితే అక్కడ వెంట్రుకలు మొలిస్తే దాన్ని తలకి రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. రెండోది 1997లో. నాటినవాటికి డీహెచ్‌టీ భయం లేదు కానీ మధ్యలో మిగిలిన పాతవాటికి ఉంది. అవి రాలిపోతే ముందొక గట్టు, వెనకొక గట్టు, మధ్యలో చెరువు. అందుకే మాత్ర. కొందరికి దానివల్ల పడకగది ఇబ్బందులొస్తాయి, ఆ సంగతి డాక్టరు దాచకుండా చెప్పారు, మా ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టి. నాకు రాలేదు. ఒకటే బాధ, ఏటా సెంటర్లో పెట్టే రక్తదాన శిబిరంలో ఈసారి నేను పక్కన నిలబడాల్సొచ్చింది. ఆ మాత్ర ఆపి నెల దాటితేగాని రక్తం ఇవ్వొద్దన్నారు, గర్భిణులకి ఎక్కితే కడుపులో బిడ్డకి ప్రమాదమని.

నవంబరు 12 దీపావళి. ఊరెళ్లాం. పొలంలో స్వర్ణ కంకి వంగి పసుపు తిరుగుతోంది. మా జిల్లా మార్టేరులో 1982లో విడుదలైన రకం, నూట యాభై రోజుల పంట. మా నాన్న ఇన్నేళ్లొచ్చినా దాన్ని వదలడు. పొద్దున్నే అరుగు మీద కాఫీ తాగుతుంటే ఎండ ఏటవాలుగా నా నుదుటి మీద పడింది. నాన్న గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చాడు. నా గడ్డం పట్టుకుని తల కిందికి వంచి, గట్టు మీద కూర్చుని మడిలోకి చూసినట్టు, కళ్లు చికిలించి అలా చూస్తూనే ఉన్నాడు. వేలితో ఎదురు నిమిరాడు.

“మూన తిరిగిందిరా” అన్నాడు.

నాటిన ఆకు మొదటి వారం ఎండి వాలిపోతుంది. కొత్తవాళ్లు చూస్తే చేను పోయిందనుకుంటారు. తర్వాత వేరు పట్టి ఒక రోజు పొద్దున చూస్తే పచ్చరంగు తిరిగి ఉంటుంది. ఆ రోజుని మావైపు అలా అంటారు. నేను గదిలోకి పరిగెత్తి అట్టముక్క తీశాను. చదరంలో నాలుగు. రంగు లేని, సాలెగూడు పోగుల్లాంటి నాలుగు వెంట్రుకలు, ఎండ అడ్డంగా పడితే తప్ప కనపడనివి. నెల రోజులుగా బాత్రూం ట్యూబులైటు కింద వెతుకుతున్నవాడికి ఎక్కడ కనపడతాయి?

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న మా చేను రెండెకరాలు నీళ్లలో నానింది. నాన్న ఫోన్లో మామూలుగానే మాట్లాడాడు, కొన్ని కంకులు మొలకెత్తాయని, ధాన్యం రంగు మారిందని, తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో ఆపారని. చివర్లో “నీదెలా ఉంది?” అని అడిగాడు. ఏం చెప్పను? ఆ నెల 15న అట్టముక్క తీయలేదు. తర్వాత ఎప్పుడో జనవరి మొదట్లో తీస్తే పదిహేను వచ్చాయి.

సంక్రాంతి నుంచి వేగం పెరిగింది. నెలకి సెంటీమీటరు చొప్పున పొడవు పెరుగుతుంది కాబట్టి, వచ్చినవి తక్కువే అయినా ఒకదాని మీద ఒకటి వాలి కప్పడం మొదలెడతాయి. మొదట్లో వచ్చినవి వంకర టింకర, గుంజు పీచులా ఉండేవి. నా జుట్టు వంకీలది కాదు. వేరేవాడి తల ముందు భాగం తెచ్చి పెట్టినట్టుండేది. ఎనిమిదో నెలకి వాటంతటవే సాపయ్యాయి. మా వీధి చివర మంగలి షాపాయన దువ్వెన పెట్టి ఆగి, అద్దంలో నా కళ్లలోకి చూసి, మళ్లీ కత్తిరించడం మొదలెట్టాడు. ఏమీ అనలేదు. పది రూపాయలు ఎక్కువిచ్చాను.

సుడి దగ్గర మాత్రం ఆలస్యం. ముందు భాగం కన్నా అక్కడ నిదానమని, పద్దెనిమిది నెలలు కూడా పట్టొచ్చని చెప్పే ఉంచారు. యాప్‌లో క్లాసుల వీడియోలు తేదీలతో సహా ఉంటాయి గదా. ఒక రాత్రి అందరూ పడుకున్నాక నెలకొకటి చొప్పున తెరిచి, బోర్డు వైపు తిరిగిన చోట ఆపి చూసుకున్నాను. జూన్, నున్నటి పళ్లెం. ఆగస్టు, ఇంకా పెద్ద పళ్లెం. డిసెంబరు, అదే. మార్చి, పళ్లెం అంచులు మసకబారాయి. మే నెల వీడియోలో సుడి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. పూర్తిగా మూసుకోలేదు, ఇప్పటికీ గట్టి ఎండలో చర్మం కనిపిస్తుంది. నాకు ఇరవై ఏళ్లనాటి జుట్టు రాలేదు. చదరపు సెంటీమీటరుకి పుట్టుకతో ఉండేదాంట్లో సగం కూడా నాటలేదు, ఎలా వస్తుంది?

ఏడాది పరీక్షకి వెళ్లినప్పుడు డాక్టరు కొలిచి, ఫొటోలు తీసి, సంతోషించి, ఇంకేమైనా అడగాలా అన్నారు. తల వంచుకుని అడిగాను. “గుండు చేయించుకోవచ్చా డాక్టర్?” ఆవిడ కలం కింద పెట్టారు. అమ్మ మొక్కు గురించి చెప్పాను. లడ్డూల గురించి చెప్పలేదు. పకపకా నవ్వి, “చేయించుకోండి. కత్తి పైన పోతుంది, కుదురు లోపల ఉంటుంది. ఏమీ కాదు” అన్నారు.

ఆగస్టులో నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అమ్మా నాన్నా ఊరి నుంచి నేరుగా తిరుపతి వచ్చి కలిశారు. కల్యాణకట్టలో టోకెన్, సగం బ్లేడు చేతికిచ్చారు. కుళాయి కింద తల తడుపుకుని వరుసలో కూర్చున్నాను. ఇన్ని నెలలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నవి. చుట్టూ నేల మీద తడి జుట్టు, కత్తుల చప్పుడు, గోవింద నామాలు, ఏడుస్తున్న పసిపిల్లలు. నా వంతు రాగానే క్షురకుడు బ్లేడు కత్తిలో బిగించి, నా మెడ వంచి నాలుగు గీతల్లో వెనక భాగం తీసేసి, ఆగాడు. బొటనవేలితో వెనక తడిమాడు.

“నాటిచ్చుకున్నారా సార్? ఎనకాల తెల్లసుక్కలు కనపడతాండాయి.”

“అవును.”

“చానామంది వస్తాండారులే ఇట్ల. ముందర బాగా పట్టింది సార్. కత్తికి తెలస్తాది.”

రెండు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ గంధం రాసింది. నాన్న వెనక్కి వచ్చి నిలబడి ఆ తెల్లచుక్కల్ని చూస్తూ, కోతలయ్యాక మోళ్లు ఇలాగే ఉంటాయన్నాడు. పాప తడిమి చూసి చెయ్యి లంగాకి తుడుచుకుంది.

సోమవారం క్లాసుకి వెళ్లాను. నిరుటి బ్యాచ్ వాళ్లెవరూ లేరు, కొందరికి కానిస్టేబుల్ ఉద్యోగాలు కూడా వచ్చేశాయి. కొత్త ముఖాలు. ముందు బెంచీ నుంచి అదే ప్రశ్న.

“తిరుపతా సార్?”

సంచీలోంచి పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాను.